పెద్దకూర చుట్టలు

మా అమ్మ పూలమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నాన్న పోయాక ఆయన ఉద్యోగం ఆమెకు వచ్చింది. పద్దెనిమిదేళ్లుగా గోదావరిఖనిలో బొగ్గు గని ఆఫీసుకు డ్యూటీకి వెళ్తోంది. ఎంత పెద్ద సారుకైనా మొహం మీదే చెప్పేస్తుంది. ఒక్క విషయంలోనే నోరు కట్టేసుకుంటుంది. పెద్దకూర, అంటే దున్న మాంసం, వండిన రోజు పక్క క్వార్టర్ వైపు కిటికీ మూసి రెండు అగరుబత్తీలు వెలిగిస్తుంది. డ్యూటీలో టిఫిన్ డబ్బా విప్పినప్పుడు ఎవరైనా అడిగితే "మటన్" అంటుంది.

నేను హైదరాబాదులో హోటల్ వంట నేర్చుకుంటున్నాను. మొన్న సెలవుకు వచ్చి, ఇటలీ వాళ్లు చేసే మాంసం చుట్టలు చేద్దామన్నాను. ఆదివారం పొద్దున్నే అమ్మ తొడ మాంసం తెచ్చింది. పలచగా కావాలంటే సుత్తితో కొట్టాలని ఫోనులో చూపిస్తే మండిపడింది.

"సుత్తె ఎందుకే? ఇదేమన్న బొగ్గా? జరుగు!"

కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. ఎండబెట్టే తునకలకు కోసినట్టే, ముద్దను తెగకుండా తిప్పుతూ కోసింది. అది చేతిరుమాలంత వెడల్పుగా పరుచుకుంది. మా కాలేజీలో అంత పలచగా కోసేవాళ్లు లేరు. పాత క్వార్టర్‌లో అలా కోసి తాడు మీద ఆరేస్తే చుట్టుపక్కల వాళ్లు ముక్కులు మూసుకున్నారు. ఇక్కడికి మారాక అమ్మ తాడే కట్టలేదు. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

పొరల మీద వెల్లుల్లి, కొత్తిమీర, చీజ్, బ్రెడ్ పొడి పరిచి చుట్టాం. దారంతో కట్టి, నూనెలో ఎర్రగా వేయించి, టమాటా గుజ్జులో సన్నమంట మీద పెట్టాం. ఫోను నిలబెట్టి వీడియో మొదలుపెట్టాను.

"హాయ్, నేను హర్షిణి. ఈ రోజు మటన్ రోల్స్..."

అమ్మ చేతిలో గరిటె వెళ్లి సింకులో పడింది.

"ఏం మటనే? కండ్లు కనవడ్తలేవా? పొద్దుగాల లేసి నేను కోసిందేంది? నా చేతి పని లోకానికి చూపెడ్తవు, దాని పేరు చెప్పనీకి సిగ్గా నీకు?"

నాకూ తిక్కరేగింది. "రెండో తరగతిల నా డబ్బాకు మూత పెట్టుకుంట ఏం చెప్పినవ్? ఎవలన్న అడిగితే మటన్ అనుమనలే? నువ్వు నేర్పిందే చెప్పిన!"

అమ్మ కాలుతున్న అగరుబత్తీలు రెండూ తీసి నీళ్లలో ముంచింది. కిటికీ గడియ బిగుసుకుపోయి ఉంటే అరచేత్తో గుద్ది తెరిచింది.

పక్క వంటింట్లోంచి రమ ఆంటీ తొంగి చూసింది. "ఏం వండుతున్నవక్కా? వాసన మస్తుగొస్తుంది. మటనా?"

అమ్మ కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది.

"కాదు రమా, పెద్దకూర. నేను నీకు మటనని చెప్పిన ప్రతిసారీ పెద్దకూరనే."

రమ ఆంటీ కిటికీ దఢాలున మూసుకుంది.

"మళ్ల తియ్యి వీడియో," అంది అమ్మ, మా కిటికీ రెక్కను ఇంకా బయటికి నెడుతూ. "ఈసారి పేరు సక్కగ చెప్పు."