పెద్దవాడెవరో తేలని అన్నదమ్ములు

కొండమీది వేధశాలలో ఉల్దారిసియో వంటవాడు. అక్కడి శాస్త్రవేత్తలు పొద్దుగూకే వేళకి నిద్రలేచి టిఫినేదీ అంటారు. ఆ తలకిందుల కాపురం అతనికి అలవాటే. వాళ్ళ మాటలే ఎప్పటికీ కొరుకుడు పడవు.

"పాలపుంత వయసు కడుతున్నాం బాబాయ్, చచ్చిన నక్షత్రాలతో," అంది అయెలెన్, రొట్టె తుంచుకుంటూ. అక్కడి శాస్త్రవేత్తల్లో అందరికన్నా చిన్నది.

"చచ్చినవాటికి వయసేంటమ్మా?"

"తెల్ల మరుగుజ్జులంటాం. మంట ఆరిపోయి వేడి మాత్రం మిగిలుంటుంది, అదీ మెల్లగా చల్లారుతుంది. అన్నిటికన్నా చల్లనిది పుట్టి, వెలిగి, అంత చల్లారడానికి ఎన్నేళ్ళు పట్టిందో, పాలపుంత వయసు కనీసం అంత."

"అంతకన్నా పాతది నీ కంటికి ఆననిది ఉంటే?"

"అందుకేగా కనీసం అన్నది!"

అతని బుర్ర గిర్రున తిరిగింది, నక్షత్రాల గురించి కాదు. తనలాంటి మేకలవాళ్ళ పిల్లలు కొండల్లో పుడతారు. మంద కిందికి దిగినప్పుడు ఊళ్ళో పేర్లు రాయిస్తారు, ఆ రోజే పుట్టిన తేదీ. అతనికీ అన్న నోల్బెర్తోకీ కవలలకి మల్లే ఒకే తేదీ పడింది. పెద్దవాడు ఎవరంటే అమ్మ మాటే సాక్ష్యం. పెద్దకొడుకు మంద వెంట పోవాలి, చిన్నవాడు బడికి. ఇప్పుడు నోల్బెర్తోకి మోకాళ్ళు అరిగిపోయి మందని అమ్మేస్తున్నాడు. ఒకవేళ అతను మోసిన బతుకు తనదైతే? అన్న విడిచిన చొక్కా తను తొడిగిన గుర్తు లేదు. తన చొక్కా అన్న తొడుక్కున్నట్టు లీలగా గుర్తు. గుర్తో, కలో!

సెలవు రాగానే కొండ దిగి అన్న మేకల దొడ్డి దగ్గరికే వెళ్ళాడు.

"అన్నా, తిట్టకు. మనలో పెద్దవాడెవడు?"

"కొండగాలి తలకెక్కిందా ఏంట్రా?"

"నీ చొక్కా నేనెప్పుడూ తొడుక్కోలేదు."

నోల్బెర్తో పకపకా నవ్వి, ఆగిపోయాడు. "అమ్మ పోయేముందు చెప్పింది. నువ్వే పెద్ద. నీకు చిన్నప్పుడు దగ్గు. కొండచలికి బతకవని నన్ను పెద్దవాణ్ణి చేసింది."

"తెలిసీ నోరెత్తలేదా?"

"ఎత్తితే గరిటె పారేసి వచ్చేవాడివి. నీ వంట మేకలు తింటాయా?"

సిగ్గో, కోపమో, ప్రేమో తేల్చుకోలేక ఉల్దారిసియో గోడకి ఆనుకుని కూలబడ్డాడు. కన్నీళ్ళు కారిపోతున్నాయి.

"ఊరుకో," అన్నాడు నోల్బెర్తో. "అన్నవై ఉండి తమ్ముడి ముందు ఏడుస్తావేంటి?"