నాయనమ్మ వీపు

మొన్న మా చెల్లెలి కూతురు బెజవాడలో బొమ్మల ప్రదర్శన ఉందంటే, ఇంట్లో కూర్చుని చేసేదేముందని వెంట వెళ్ళాను. తెల్లటి గోడల నిండా బొగ్గుతో గీసిన మనుషులు, ఒక్కరి ఒంటి మీదా నూలుపోగు లేదు. నేను గతుక్కుమని నా కొంగు సర్దుకున్నాను, అక్కడికి ఆ బొమ్మల తరఫున సిగ్గుపడాల్సింది నేనే అన్నట్టు! పక్కనున్న కుర్రకారు మాత్రం తీరిగ్గా ఫోన్లలో ఫొటోలు తీసుకుంటున్నారు. ఒకప్పుడు మా చెల్లెలు గీసిన ఒక్క వీపు బొమ్మకు మా ఇల్లంతా ఎలా అట్టుడికిపోయిందో గుర్తొచ్చి, అక్కడున్న కుర్చీలో కూలబడ్డాను.

మాది దివిసీమలో సముద్రానికి దగ్గరి పల్లె. ఇది తొంభైల నాటి సంగతి. నేను గుడివాడలో టీచరుగా చేస్తూ సెలవులకు ఇంటికి వచ్చేదాన్ని. నాకంటే బాగా చిన్నదైన చెల్లెలు విశాఖపట్నంలో బొమ్మల చదువు చదువుతుండేది. ఆ చదువుకు నాన్నగారు ఒప్పుకోవడమే గగనమైంది, బొమ్మలంటే ఆయన దృష్టిలో దేవుడి పటాలూ, సినిమా హాళ్ళ ముందు కటౌట్లూనూ.

మా నాయనమ్మ పాతకాలపు మనిషి, పెద్దయ్యాక రవిక అన్నది ఎరగదు. తెల్లచీర కొంగు గుండెల మీదుగా బిగించుకుని, వీపు గాలికి వదిలేసి, వీధరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తుండేది. దారిన పోయేవాళ్ళు పలకరించి పోయేవారే గాని, అక్కడ ఒక వీపు ఉందని ఎవరికీ తట్టేది కాదు. ఆ వీపు మీద, ఎడమ భుజం కింద, ఒక పెద్ద మచ్చ ఉండేది. డెబ్భై ఏడు ఉప్పెన నాడు చంటిపిల్లయిన మా చెల్లెల్ని పొట్టకు అదుముకుని ముందుకు వంగిపోతే, ఎగిరొచ్చిన రేకు చీరేసిన గుర్తది.

ఆ వేసవిలో చెల్లెలు ఆవిడ వెనకాల పీట వేసుకుని బొమ్మ గీసింది. మొహం వదిలేసి వీపేం గీస్తావే పిచ్చిమొహమా అని నాయనమ్మ ఒకటే నవ్వు. ఆ బొమ్మను బందరులో ఒక ప్రదర్శనకు తీసుకున్నారు. నాన్నగారు ఎన్నడూ లేనిది ఇస్త్రీ చొక్కా తొడిగి, గుడివాడలో ఉన్న బాబాయికి కూడా కబురుపెట్టి, మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని వెళ్ళారు. హాల్లో అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద, మనిషంత కాగితంలో, ఆ వీపు! మచ్చ చూడగానే నాన్నగారు బొమ్మకు అడ్డంగా నిలబడబోయారు. బాబాయి మాత్రం నలుగురూ తిరిగి చూసేలా అరిచాడు.

"అన్నయ్యా, అది మన అమ్మే! అమ్మను బట్టల్లేకుండా గోడకెక్కించింది నీ కూతురు!"

రోజూ చూసే వీపే, వేసవుల్లో చెమటకాయలకు నేను పౌడరు రాసిన వీపే, కాగితమెక్కేసరికి చూడరానిది ఎలా అయిపోయిందో నాకిప్పటికీ అంతుబట్టదు. నాన్నగారు బొమ్మ దింపించి, చుట్టచుట్టి చంకన పెట్టుకుని బస్సెక్కారు. ఇంటికొచ్చాక చెల్లెలితో అన్నది ఒక్కటే మాట, చదువు ఇక్కడితో ఆఖరు అని. అది ఏడవను కూడా లేదు, మంచం కోడు పట్టుకుని కొయ్యబారిపోయింది.

ఈ రభసంతా విని నాయనమ్మ బొమ్మ చూపించమంది. అరుగు మీద పరిచాం. ఆవిడ వంగి చాలాసేపు చూసి, మచ్చ మీద వేలు పెట్టింది.

"ఓరి నాయనో, ఇంతుందా ఇది? నా వీపు నేనెప్పుడు చూసుకున్నాను గనక!"

తర్వాత నాన్నగారి వైపు తిరిగింది. "ఈ పిల్లని బతికించుకోబోతేనే గదరా ఇది తగిలింది. దాని చదువు మాన్పించావో, నీ ఇంట్లో మెతుకు ముట్టను."

సెలవులయ్యాక చెల్లెలు విశాఖ వెళ్ళడం ఖాయమైపోయింది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాం.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ అమ్మను దగ్గరకు పిలిచి, పాత రవిక ఒకటుంటే ఇవ్వమని అడిగింది. అమ్మ బిత్తరపోయింది. నేనైతే తప్పు విన్నానేమోననుకున్నాను. వేసుకోమని ఎవరూ అనలేదే! రోహిణీకార్తె ఎండల్లో, వంగని చేతులు ఆ రవికలో దూర్చుకోలేక, హుక్కులు పెట్టుకోవడం చేతగాక అమ్మతో పెట్టించుకుంటుంటే చూడలేకపోయాం. ఈ ఉక్కలో ఎందుకమ్మా అని నాన్నగారే బతిమాలారు.

"నలుగురూ చూస్తారు గదరా" అంది. అన్నేళ్ళలో ఆ మాట ఆవిడ నోట మేమెన్నడూ వినలేదు.

ఈ రోజుల్లో బట్టల్లేని బొమ్మను చూసి ఎవరూ జంకడం లేదు, మంచిదే. కాని తననెవరో చూస్తున్నారన్న ఊహే లేకుండా, వీధిలోకి వీపు పెట్టి నిశ్చింతగా కూర్చునే మనిషి మళ్ళీ నాకెక్కడా కనబడలేదు. ఆ ఏడు దసరాకు వచ్చిన చెల్లెలు కాగితాలు పట్టుకుని ఎప్పట్లాగే వెనకాల పీట వేసుకుంటే, నాయనమ్మ రవిక మీదుగా కొంగు కూడా నిండా కప్పుకుని, ఇటొచ్చి మొహం గియ్యవే అంది.