పొమ్మనేవాళ్లు లేని గడి

బి.ఏ. చదివేవాళ్లంటే మా బాపుకు జాలి. కోస్గి సంతలో బట్టల మూట విప్పుకొని కూర్చునే మనిషి ఆయన. ఏ పనికైనా చేతిలో పట్టుకుని చూపించగల సరుకొకటి ఉండాలనుకునేవాడు. "డాక్టరు గాదు, ఇంజనీరు గాదు. గీ చదువు చదివి ఏం పని చేస్తవ్ బిడ్డా?" అని నెలకోసారైనా అడిగేవాడు. నాకు చుర్రున కోపం వచ్చేది. నా దగ్గర జవాబు లేకపోవడమే ఆ కోపానికి కారణమని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

అరవైల మొదట్లో మహబూబ్‌నగర్ కాలేజీలో మాకు చరిత్ర చెప్పిన సారుకు ఒక పిచ్చి ఉండేది. చలికాలంలో రెండు వారాలపాటు కొందరు బి.ఏ. విద్యార్థులను వెంటబెట్టుకుని ఏదో ఒక ఊరికి వెళ్లేవాడు. అక్కడ ఎవరివల్లా కాక ఆగిపోయిన పనొకటి చూపించి, దీన్ని కదిలించండి, మీకు ఏ ఉద్యోగం పనికొస్తుందో మీకే తెలిసొస్తుంది అనేవాడు. ఆ తరువాత ఎంత బతిమాలినా నోరు విప్పేవాడు కాదు. ఆ ఏడు ముగ్గురం వెళ్లాం. అర్థశాస్త్రం తప్ప లోకంలో శాస్త్రం లేదనుకునే ఒకడు, కథలు రాస్తానని చెప్పుకునే ఒకడు, నేను. సారు భార్య తోడొస్తుందంటేగాని బాపు నన్ను పంపలేదు.

కొత్తకోట దగ్గర బస్సు దిగి, జొన్నచేల మధ్య రెండు గంటలు నడిచాం. ఊరు చిన్నది, ఊరి నడుమ గడి మాత్రం పెద్దది. అందులో ఉండిన దొర పట్నం వెళ్లిపోయి పదేళ్లు దాటింది. ఖాళీగా పడి ఉన్న గడిని సర్కారు బడికి ఇచ్చింది. బడి పెట్టి రెండేళ్లయినా ఒక్క పిల్ల కూడా లోపల అడుగుపెట్టలేదు. పై వారం తనిఖీకి అధికారి వస్తున్నాడు. పిల్లలు లోపల కూర్చుని కనబడకపోతే బడిని వేరే ఊరికి మార్చేస్తారు. పంతులుది తాత్కాలికపు కొలువు, బడితోపాటు అదీ పోతుంది. బయట వేపచెట్టు కింద చెబుదామని ఆయన ముందే అడిగి చూశాడట. ఇంత పెద్ద జాగా ఇస్తే చెట్టు కింద ఎందుకని చీవాట్లు పెట్టారట. మా ముందున్న తెగని పని ఇది.

పంతులు కూలిచేసే క్రైస్తవుల ఇంట్లో పుట్టి, మిషన్ బడిలో చదువుకొచ్చిన పడుచువాడు. ఆయన వంశంలో జీతం తెచ్చిన మొదటి మనిషి. మేం వెళ్లిన మరుసటి పొద్దున హాజరు పట్టీ తెరిచి పిలవడం మొదలుపెట్టాడు. ఖాళీ హాలు, వరసగా నల్లటి స్తంభాలు, పైన పావురాలు. ఒక పేరు పిలిచి, పిల్ల జవాబు చెప్పేంత సేపు ఆగి, తరువాతి పేరు పిలిచేవాడు. ప్రతి పేరు తరువాతా అంతే సేపు ఆగేవాడు. ఎవరూ లేనప్పుడు ఎందుకు పిలవడం అని అడిగితే, "పిలువకుంటే ఆ పేర్లు గూడ పోతయని భయమమ్మా" అన్నాడు.

మేం ఇల్లిల్లూ తిరిగాం. అర్థశాస్త్రం అబ్బాయి నాలుగు పేజీల ప్రశ్నలు రాసుకొచ్చాడు. పిల్లలు గొడ్లు కాయడానికి పోతున్నారని వాడి సిద్ధాంతం. కానీ ఏ పనీ లేని పిల్లలు పొద్దంతా వాడి వెనకే తిరుగుతుంటే ఆ సిద్ధాంతం రెండో రోజే నీరుగారింది. కథల అబ్బాయి దెయ్యం ఉండి తీరాలన్నాడు. దెయ్యం సంగతి అడిగితే ఊరివాళ్లు వాడిని ఎగాదిగా చూసి, అసొంటియి మా ఊర్ల లేవని చెప్పి పంపించారు. పిల్లల్ని బడికి పంపం అని ఎవరూ అనలేదు. ఏ గుమ్మం ముందు నిలబడినా మంచినీళ్లిచ్చి, రేపు పంపుతామని నవ్వుతూ చెప్పేవాళ్లు. అన్ని ఇళ్లలో అదే మాట, అదే నవ్వు. మూడో రోజుకు నాకు ఆ నవ్వంటేనే భయం పట్టుకుంది.

ఇంకొకటి గమనించాను. పిల్లలు పాడుకుంటూ వచ్చి, గడి గోడ నీడలోకి రాగానే పాట ఆపేసేవాళ్లు. నీడ దాటాక, ఆపిన మాట దగ్గర్నుంచే మళ్లీ ఎత్తుకునేవాళ్లు. పెద్దవాళ్ల మాటలూ అంతే. చేలోంచి వస్తున్న ఇద్దరు ఆడవాళ్లు పోట్లాడుకుంటూ నీడలోకి వచ్చి, నోళ్లు మూసుకుని నడిచి, అటు తేలాక తిట్టు అందుకోవడం నా కళ్లారా చూశాను. వేరే రోజైతే నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని.

గడి ముందు వాకిలి మాత్రం రోజూ శుభ్రంగా ఊడ్చి, పేడనీళ్ల సానుపి చల్లి ఉండేది. పంతులే పెట్టించాడని మేమూ, సర్కారు ఎవరినో పెట్టిందని పంతులూ అనుకుంటున్నాం. ఒకరినొకరు అడిగాక తెలిసింది, ఎవరూ ఎవరినీ పెట్టలేదని.

మరునాడు తెల్లవారుతుండగా వెళ్లి అరుగు పక్కన నిలబడ్డాను. మంచులోంచి ఒక ముసలమ్మ వచ్చింది. గడి దర్వాజకు దండం పెట్టి, ఊడవడం మొదలుపెట్టింది. ముఖం దర్వాజ వైపే పెట్టి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ ఊడుస్తోంది. తన అడుగుల గుర్తులు తన చీపురుతోనే చెరిగిపోతున్నాయి. చివర్లో కూడా వీపు చూపించకుండా అలాగే వెనక్కి నడిచి నీడ దాటింది. అంత నేల మీద ఆమె వచ్చిపోయిన జాడ ఒక్కటి లేదు. వెంట పరుగెత్తి, ఎవరి కోసం ఊడుస్తున్నవ్ అవ్వా అని అడిగాను.

"గడికి బిడ్డా."

దొర పోయి ఇన్నేళ్లయింది కదా అన్నాను.

"ఆయన పోయిండు. నన్ను ఇగ రావద్దని ఎవ్వరన్నరు?" అంది. ఆమె గొంతులో బాధ లేదు, ఎగతాళీ లేదు. నాకే తెలియాల్సిన సంగతి నేను అడిగినట్టు చూసింది.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. చిక్కుముడి విప్పేశాననుకున్నాను. పొద్దున్నే ఊడ్చిన వాకిలి కనబడుతుంటే దొర లోపలే ఉన్నట్టు ఊరికి అనిపిస్తోంది, ఊడవడం ఆపిస్తే భయం అదే పోతుందని సారుకూ మిగతా ఇద్దరికీ ఉపన్యాసమిచ్చాను. ఇద్దరు అబ్బాయిలూ తలలూపారు. సారు విన్నాడు గాని, ఎప్పటిలాగే ఏమీ అనలేదు. ఆ సాయంత్రమే ముసలమ్మ గుడిసెకు వెళ్లి, సర్కారు తరఫున చెబుతున్నాను, రేపటి నుంచి నువ్వు రావద్దు అవ్వా అన్నాను. సర్కారుతో నాకేం సంబంధం? నెత్తికెక్కిన పొగరు తప్ప. ఆమె చీపురు మూలన పెట్టి, నా వైపు చూడకుండా తలూపింది.

మరునాడు ఊళ్లో ఎవరూ పనికి పోలేదు. వాకిలి నిండా వేపాకు రాలి ఉంది. ఊరంతా నీడ అవతల నిలబడి ఆ ఆకులనే చూస్తోంది. పిల్లలు కూడా గప్‌చుప్. ఒక తల్లి చంటిదాని నోటి మీద చెయ్యి అడ్డం పెట్టి ఉంది. నేను చీపురు తెచ్చి ఊడవబోతే ఒకాయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాడు. మధ్యాహ్నానికి రెండిళ్లవాళ్లు బండి కట్టి, పిల్లల్ని చుట్టాల ఊరికి పంపించేశారు. ఏం జరుగుతుందని భయం అంటే ఎవరూ చెప్పలేకపోయారు. ఏమైనా జరగొచ్చు, అంతే.

నాకు ఏడుపొచ్చింది. సారు దగ్గరికి పోయి, ఇప్పుడేం చేయమంటారు అన్నాను. "నువ్వు ఆమెకు చెప్పినవ్ గని, ఆమెను అడిగినవా?" అన్నాడు. ఆ రెండు వారాల్లో ఆయన నాకిచ్చిన సలహా అదొక్కటే.

ముసలమ్మ గుడిసెలో గోడకానుకుని కూర్చుని ఉంది. తప్పు నాదే అవ్వా అని ఆమె ముందు కూలబడ్డాను. పిల్లలు ఆ దర్వాజ ఎందుకు దాటరో నువ్వే చెప్పు అన్నాను. ఆమె చీపురు ఒళ్లోకి తీసుకుని చెప్పింది.

"గా దర్వాజల నుంచి లోపలికి పోవుడు మన చేతుల లేకుండె, బయటికొచ్చుడు గూడ లేకుండె. పిలిస్తె పోవాలె, పో అంటెనే రావాలె. ఇప్పుడు లోపల ఎవ్వరు లేరు. పిల్లలు పోతె, పో అని ఎవరనాలె?"

పంతులు రోజూ అటూ ఇటూ తిరుగుతున్నాడు కదా అంటే, ఆయన ఈ ఊరివాడు కాదు, ఆయనకు ఈ కట్టుబాటు అంటదు అంది. ఆ తరువాత కూతురి సంగతి చెప్పింది. గడిలో పెళ్లికి పిండి విసరడానికి కూతుర్ని పిలిపించారట. పిల్ల అప్పటికి ఇంకా ఓణీ వేసుకోవడం సరిగా రాని వయసు. మూడో రోజు జ్వరమొచ్చి పోయింది, దహనం కూడా అయిపోయిందని మనిషి చేత కబురంపారు. శవాన్ని చూపించలేదు. తల్లి వాకిట్లోనే నిలబడి ఉందట, పొమ్మని ఎవరైనా అంటే బిడ్డ వస్తుందేమోనని. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఆ వాకిట్లోనే ఉంటోంది.

ఆ పూట సారు, పంతులు, ఊరి పెద్దలు నలుగురు కూర్చున్నారు, ముసలమ్మా నేనూ ఒక పక్కన. సాయంత్రం దర్వాజ దగ్గర నిలబడి పిల్లల్ని తానే పొమ్మంటానని పంతులు అన్నాడు. ఈ ఊరి కట్టుబాటు అంటనివాడి మాట చెల్లదని పెద్దలు తలలు అడ్డంగా ఊపారు. సర్కారు అధికారి వచ్చి అంటేనో అని పంతులే మళ్లీ అడిగాడు. అదీ చెల్లదన్నారు. అంతా ఆగిపోయిందనుకునేసరికి ముసలమ్మ లేచి నిలబడింది.

"నేనంట. ఇన్నేండ్ల సంది దర్వాజ చూసుకున్నది నేనే గద" అంది.

అందరికంటే పెద్దాయన, ఆమె అంటే చెల్లుతుంది అన్నాడు.

ఆ తరువాత నేను గ్రామసేవిక ఉద్యోగంలో చేరి, నల్గొండ జిల్లాలో హుజూర్‌నగర్ వైపు చాలా ఏళ్లు పనిచేశాను. ఏ ఊరికి పోయినా మొదటి వారం చెప్పడం మానేసి, అడగడం ఒక్కటే చేసేదాన్ని. పై అధికారులు దాన్ని బద్ధకం అనేవాళ్లు. బాపు మాత్రం చివరికి మెత్తబడి, మా బిడ్డది అడిగే కొలువు అని సంతలో చెప్పుకున్నాడు. నేనా పని ఎంచుకున్నది ఏ తెలివితోనో అని జనం అనుకుంటారు. కాదు. ఆ మరునాటి సాయంత్రం వల్ల.

ఆ రోజు పొద్దున ముసలమ్మ వాకిలి ఊడ్చి దర్వాజ పక్కన కూర్చుంది. పిల్లలు ఒకరి వెనక ఒకరు, ఊపిరి బిగబట్టి లోపలికి పోయారు. తల్లులు నీడ అవతల నిలబడ్డారు, పొద్దంతా అక్కడే ఉన్నారు. పంతులు పేర్లు పిలిచాడు. మొదటి జవాబు వినగానే పట్టీలో గుర్తు పెట్టడానికి ఆయన కలం కదల్లేదు.

పొద్దు వాలింది. పంతులు గంట కొట్టి, ఇక వెళ్లండి అన్నాడు. ఒక్కరూ లేవలేదు. పలకలు ఒళ్లో పెట్టుకుని, దర్వాజ వైపు చూస్తూ కదలకుండా కూర్చున్నారు. అంతమంది పిల్లలున్న హాలులో చిన్న దగ్గు కూడా వినబడలేదు. స్తంభాల మధ్య చీకటి చిక్కబడుతోంది. వీళ్లు నిజంగానే ఇక ఇక్కణ్నుంచి కదలరేమోనని నాకు అనిపించింది. చదువుకున్నదాన్ని, నవ్వుకోవచ్చు, కాని అనిపించింది.

ముసలమ్మ దర్వాజ మధ్యలో నిలబడింది. నోరు తెరిచింది, మాట రాలేదు. పుట్టినప్పటి నుంచి ఎవరినీ ఏమీ ఆజ్ఞాపించి ఎరగని మనిషి. బయట తల్లులు ఒకరి కొంగు ఒకరు పట్టుకుని ఉన్నారు. మళ్లీ నోరు తెరిచింది.

"పోండ్రి బిడ్డా. మీ మీ ఇండ్లకు పోండ్రి."

పిల్లలు లేచారు. ఒక్కసారిగా కట్ట తెగినట్టు ఆమెకు రెండు పక్కల నుంచీ బయటికి పరుగెత్తారు. ఎవరో ఒక పిల్ల నీడలోనే గట్టిగా అరిచింది, మిగతావాళ్లూ అందుకున్నారు. తల్లులు పిల్లల్ని పట్టుకుని ఒళ్లంతా తడుముకున్నారు. పంతులు గోడకేసి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. హాలు ఖాళీ అయింది.

ముసలమ్మ మాత్రం దర్వాజ పక్కకు జరిగి, లోపలికి చూస్తూ నిలబడే ఉంది. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"అందరొచ్చిన్రా బిడ్డా?" అని అడిగింది.

ఆమె ఎవరి గురించి అడుగుతోందో నాకు తెలుసు. అందరూ వచ్చేశారు అవ్వా అన్నాను. ఆమె ఇంకా కొంచెం సేపు చూసి, లోపలికి ఇంకోసారి మెల్లగా "రా బిడ్డా" అంది.