పిట్టల గదిలో అద్దం మేస్త్రి

ఇళ్ళకి నేలలు పరిచే మేస్త్రి పిట్టల గదిలో బోర్లా పడుకుని ఉండగా వెనకాల తలుపు మూసుకుంది, గడియ దానంతటదే పడింది. గడియ బయటివైపు ఉంది. అలా బిగించినవాడు ఆయనే. లోపల పెడితే పిట్టలు ముక్కుతో తీసుకుని వెళ్ళిపోతాయేమోనని అప్పట్లో ఆయనకొక అనుమానం. ఓసారి లేచి తలుపును భుజంతో తోసి చూశాడు. తన పనితనం గట్టిదేనని ఒప్పుకుని, మళ్ళీ పడుకున్నాడు.

భార్య బ్యాంకులో ఉంది. అత్తగారు మోకాలి వ్యాయామం కోసం ఆసుపత్రికి వెళ్ళింది. సరిగ్గా ఆ సమయంలో, కొత్త క్లినిక్కుకి నేల ఎంచుకుందామని పళ్ళ డాక్టరు వచ్చాడు. పిట్టల గదంటే వేరే గది కాదు, హాలు చివర కిటికీ వైపు భాగాన్ని పైకప్పు దాకా జల్లెడలాంటి వలతో విడదీసినదే. కాబట్టి దాక్కోవడానికి వీల్లేదు.

"మేస్త్రి గారూ, లోపలున్నారా?"

"ఉన్నానండి," అన్నాడు. అంతకంటే నిఖార్సయిన నిజం ఆయన ఆ నెలలో చెప్పలేదు.

"అలా పడుకున్నారేం?"

"నేల చూస్తున్నానండి. నేల సంగతి నేల మీదుంటేనే తెలుస్తుంది. మీరలా కూర్చుని, బల్ల మీద నమూనాల కట్ట విప్పండి. నేనిక్కణ్ణుంచే చెప్తాను."

రోజూ జనాన్ని వెల్లకిలా పడుకోబెట్టి మాట్లాడే మనిషికి ఇందులో వింతేమీ తోచలేదు. వలకవతల ఆయన ముక్కలు ఎత్తి చూపడం, ఇవతల ఈయన బోర్లా పడుకుని అవునూ కాదూ అనడం, బేరం చక్కగా కుదిరింది. "కాస్త గడియ తీస్తారా" అన్న మాట మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. తీరా అనబోతే ఇన్నేళ్ళ పేరు అడ్డం పడింది. డాక్టరు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ పేరు చిన్నదేం కాదు. ఊళ్ళో ఆయన్ని అద్దం మేస్త్రి అనేవారు. ఆయన పరిచిన నేల మీద నిలబడి తల దువ్వుకోవచ్చని, పాపిడి కూడా సరిగ్గా వస్తుందని చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆయన మొహమాటపడినట్టు నటించేవాడు. నటన మాత్రం ఆయనకి బొత్తిగా రాదు.

అలాంటి అల్లుడి పనిని అత్తగారు ఒక్కనాడూ బాగుందనలేదు. బాగులేదనీ అనలేదు. మందుల షాపు నడిపిన మనిషి, దేన్నీ మోతాదు మించి వాడదు. మూడో అంతస్తులో ఒంటిగదిలో అద్దెకుండేది. మోకాళ్ళు మొరాయించాక, కూతురు పోరగా పోరగా ఒక సూట్‌కేసుతో, ఏడు ఫించ్ పిట్టలతో వీళ్ళింట్లో దిగింది. ఎర్ర ముక్కులు, బొటనవేలంత ఒళ్ళు, ఊరంత నోరు. సూట్‌కేసు మాత్రం విప్పలేదు.

"పిట్టలకి నచ్చితే ఉంటాను," అంది. "లేకపోతే నా గది నాకుంది. ఖాళీ చేసేదీ లేనిదీ ఆదివారం చెప్తానన్నాను ఇంటాయనకి."

"నచ్చిందని ఎలా తెలుస్తుందత్తయ్యా?"

"కిందకి దిగి గింజలేరుకుంటాయి. పిట్ట నేలకి దిగిందంటే ఆ ఇంటిని నమ్మినట్టు."

"నేలేగా? ఇంక నాకొదిలేయండి," అన్నాడు మేస్త్రి, చేపపిల్లని ఈదగలవా అని అడిగినట్టు.

భార్య వంటింట్లోకి లాక్కెళ్ళి చెప్పింది. "ఏవండీ, అమ్మ మళ్ళీ ఆ మూడంతస్తులూ ఎక్కిందంటే నాకు ముద్ద దిగదు. గొప్పలు తర్వాత, ముందు ఆ పిట్టల్ని దింపండి."

తివాచీ పనికిరాదని ఆయనకి ముందే తెలుసు. పోగుల్లో గోళ్ళు చిక్కుకుంటే పిట్ట కాలు విరుగుతుంది. చెక్క వేస్తే, నీళ్ళ పళ్ళెంలో ఇవి రోజూ చేసే జలకాలాటలకి ఉబ్బిపోతుంది. అందుకని మంచి వినైల్ పట్టా తెచ్చి, ఎక్కడా అతుకు లేకుండా పరిచాడు. పొట్టు మూలల్లో ఇరుక్కోకుండా అంచుల్ని జానెడెత్తు గోడ మీదకి తిప్పాడు. ఆపైన తుడిచాడు, మెరుగుపెట్టాడు, మళ్ళీ తుడిచాడు. పట్టాలో పసుపు చారలున్నాయని, వాటికి జోడీగా పసుపు ఈనెల క్రోటన్ మొక్కలు నాలుగు మోసుకొచ్చాడు.

అత్తగారు ఒక ఆకు తుంచి, తొడిమ దగ్గర ఊరిన చుక్కని చూపించింది. "ఈ రసం చూశావా బాబూ, పిట్టలకిది విషం. ఇవి కనపడిన ఆకల్లా కొరుకుతాయి. చీరకి జాకెట్టు ముక్క వెతికినట్టు తెచ్చావు."

క్రోటన్లు బాల్కనీ చేరాయి. వాటి బదులు అరెకా పామ్, గడ్డిలా వేలాడే స్పైడర్ మొక్కలు, ఒక వెదురు కుండీ వచ్చాయి. నర్సరీవాళ్ళు ఏ మందు కొట్టారో ఏమోనని అత్తగారు దగ్గర కూర్చుని ఆకాకూ కడిగించింది, కుండీల్లో పైమట్టి మార్పించింది. నేల గురించి మాత్రం ఆవిడ పెదవి విప్పలేదు. ఆ మౌనాన్ని మేస్త్రి మెప్పు ఖాతాలో వేసుకున్నాడు.

పిట్టల్ని వదిలారు. ఏడూ ఎగిరి పైకొమ్మ మీద వరసగా కూర్చున్నాయి. వేలాడే గిన్నెలో తిన్నాయి, పామ్ ఆకు చీల్చాయి, కిందకి మాత్రం దిగలేదు. దిగబోయినది కూడా సగంలో బెదిరి పైకెగిరింది. శనివారం వచ్చింది. సూట్‌కేసు తలుపు పక్కకి జరిగింది. అందుకే మేస్త్రి ఆ ఉదయం పనికి వెళ్ళినవాడు మధ్యలోనే వచ్చేసి, పిట్ట ఎత్తులో తల పెట్టి చూద్దామని బోర్లా పడుకున్నాడు. అప్పుడే గడియ పడింది.

డాక్టరు వెళ్ళాక ఆయన నిజంగానే చూడటం మొదలుపెట్టాడు. చెంప నేలకానించి చూస్తే అక్కడ నేలే లేదు. కిటికీ ఉంది, ఆకాశం ఉంది, తలకిందులుగా ఏడు పిట్టలున్నాయి. కిందకి దిగడమంటే వాటికి ముక్కూమొహం తెలియని ఇంకో గుంపు మీద, చెరువులాంటి దాని మీద వాలడమే. ఆయన పొగడ్తలన్నిటికీ కారణమైన మెరుపే అది.

అంతలో ఒక పిట్ట దిగింది. ఆయన కాలి దగ్గర. పని దగ్గర ఇసుక జల్లించి అలాగే వచ్చాడేమో, పాంటు మడతలోంచి చారెడు ఇసుక రాలి ఉంది. పిట్ట సరిగ్గా ఆ చారెడు మేరా నడిచింది, రెండు రవ్వలు ఏరుకుని మింగింది, అంచు దాటలేదు. మేస్త్రి ఊపిరి బిగబట్టాడు. కాలు తిమ్మిరెక్కినా కదపలేదు.

అత్తగారొచ్చి వల ముందు నిలబడింది. "ఎంతసేపైంది?"

"ఇప్పుడేనత్తయ్యా."

"దారిలో పళ్ళ డాక్టరు కనిపించాడు. నువ్వు పడుకునే బేరం చేశావని మెచ్చుకున్నాడు," అంటూ గడియ తీసింది.

ఆ సాయంత్రంలోపు మేస్త్రి ఇసుకని నాలుగు నీళ్ళు కడిగి, ఎండబెట్టి, చేతులారా పెట్టిన మెరుగు మీద చేతులారా పోశాడు. కుండీల కింద ముతక చెక్కపొట్టు పరిచాడు. ఒక మూల పళ్ళెంలో కొర్రలు చల్లి నీళ్ళు చిలకరించాడు, మొలకలొస్తే పీక్కుతింటాయని. అడుగున పట్టా ఎలాగూ ఉంది, ఇసుక ఎత్తిపోసి కడగడానికి. భార్య గుమ్మంలో నిలబడి, "గుండె రాయి చేసుకున్నారా?" అంది. "ఇసుక చేసుకున్నాను," అన్నాడు.

ఆదివారం పొద్దున ముందు ఒకటి, వెంటనే రెండు, కాఫీ చల్లారేలోపు ఏడూ నేల మీదున్నాయి. ఒకటి ఇసుకలో ఒళ్ళు పొర్లించి మరీ లేచింది. అత్తగారు చూసింది. బాగుందనలేదు. ఫోను తీసి, గది ఖాళీ చేస్తున్నానని ఇంటాయనకి చెప్పి, సూట్‌కేసు విప్పి చీరలు అలమరలో సర్దుకుంది. ఆ తర్వాత గిన్నెలో గింజలు పోయడానికి పిట్టల గది దాకా వెళ్ళి ఆగిపోయింది.

"బాబూ, ఈ గడియ ఇంకా బయటే ఉందేం? నేను లోపలుండగా పడిపోతే బయటికెలా వస్తాను?"

"అందుకే మార్చలేదత్తయ్యా."