బోదకాలు లేని వీధులు

ఒరిస్సా కొత్త రాష్ట్రమైన రోజుల్లో బరంపురంలో మా నాన్నకి బట్టల కొట్టు, మా అమ్మకి బోదకాలు ఉండేవి. మొదటిది ఊరందరికీ తెలుసు. రెండోది కూడా తెలుసు, కాని తెలియనట్టు ఉండటం మర్యాద. అమ్మ కుచ్చిళ్లు నేలకి రాసుకునేలా చీర కట్టేది. నాన్న ఆమె కోసం పన్నా వెడల్పున్న చీరలు ఏరి తెచ్చేవాడు. ఇద్దరూ ఆ కాలి గురించి మాట్లాడుకోవడం నేను వినలేదు.

పున్నమికో అమావాస్యకో అమ్మకి చలిజ్వరం వచ్చేది, గజ్జల్లో బిళ్ల కట్టేది. లేచేసరికి కాలు ఇంకాస్త లావెక్కేది. నాకు పదకొండేళ్లప్పుడు ఆ జ్వరం నాకూ రెండుసార్లు వచ్చింది. అప్పట్నించి అమ్మ రోజూ పొద్దున్నే నా చీలమండలకి నూలుదారం చుట్టి కొలిచేది. ఎందుకని అడిగితే పట్టీలకి కొలత అనేది. ఆ పట్టీలు ఎప్పుడూ రాలేదు.

మా ఎదురింటి గదిలో ఒక డాక్టరు అద్దెకుండేవాడు. మందులిచ్చేవాడు కాదు. కాలవల దగ్గర దోమల్ని పట్టి, మైక్రోస్కోపు కింద కోసి చూసేవాడు. అంత చదివినవాడికి ఇదేం ఖర్మ అని ఊరు జాలిపడేది. ఈ జబ్బు ఏ దోమ వల్ల వస్తోందో, అది ఎక్కడ పుడుతోందో తేలితేనే ఆపగలమని ఆయన అనేవాడు. మా ఊరు మద్రాసు నుంచి ఒరిస్సాలోకి మారాక మద్రాసు గ్రాంటు ఆగిపోయింది, కొత్త రాజధాని కటకం నుంచి గ్రాంటు మొదలవలేదు. ఊరంతా కలిసి అర్జీ పెడితే పని సాగుతుంది, లేకపోతే నెలాఖరుకి వెళ్లిపోతానని ఆయన నాన్నతో చెప్పాడు.

ఆ మాట తలుపు వెనకనుంచి అమ్మ విన్నది. "అర్జీ ఎట్టించండి," అంది నాన్నతో.

నాన్న ఊరంతా తిరిగాడు. జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో వీధివారీగా రాయాలని డాక్టరు చెప్పాడు. అక్కడే వచ్చింది చిక్కు. పెళ్లికెదిగిన పిల్లలు లేని వీధి ఏది? మా వీధి పెద్దలు, మా వీధిలో ఈ జబ్బు లేదు గాని కింది వీధిలో విపరీతంగా ఉందని రాశారు. కింది వీధివాళ్లు పైవీధిలో ఉందన్నారు. పైవీధివాళ్లు మమ్మల్ని చూపించారు. సంతకాలకి మాత్రం కాగితాలు చాలలేదు. మా వీధి కాగితం మీద మొదటి సంతకం నాన్నదే.

కటకం నుంచి ఒక అధికారి వచ్చి, మూడు వీధుల పెద్దలూ డాక్టరూ చుట్టూ నిలబడగా, మా అరుగు మీద కూర్చుని అన్నీ చదివాడు. ఓపికగలవాడు, రెండుసార్లు చదివాడు. తరవాత ఒడియాలో, "మీరు రాసినదాన్నిబట్టి ఈ ఊళ్లో ఎవరికీ జబ్బు లేదు. లేని జబ్బు మీద పరిశోధనకి సర్కారు డబ్బెందుకివ్వాలి?" అని అడిగాడు. డాక్టరు దగ్గర పేర్లున్నాయి. ఎవరికీ చెప్పనని మాటిచ్చి రాసుకున్న పేర్లు.

"మా ఈదిలో అయితే నేదండి బాబూ," అన్నాడు మా వీధి పెద్దాయన, ఇంకోసారి.

అప్పుడు అమ్మ బయటికొచ్చింది. మా ఇళ్లలో ఆడవాళ్లు అధికార్ల ముందుకి రారు. వచ్చి, కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని, కాలు అరుగు అంచు మీద పెట్టింది.

"రాసుకోండి బాబూ. ఈ ఈదిలో ఒకటుంది. ఇది ఎలాగొస్తందో ఎవులో ఒకరు సూడాల కదా. మా ఇంటి మగోళ్ల వల్ల అయ్యే పని కాదిది. సర్కారే సెయ్యాల."

ఈవిడ ఎవరింటావిడ అని అధికారి అడిగాడు. అందరూ నాన్నని చూశారు. నాన్న ఆ కాలినే చూస్తున్నాడు. పగటి వెలుతురులో ఆయన దాన్ని అంతసేపు చూడటం అదే మొదటిసారనుకుంటాను. నాకు భయమేసింది. కాదంటాడేమో అనిపించింది.

"మా ఇంటిదేనండి," అన్నాడు నాన్న. నా భుజం మీద చెయ్యి వేశాడు. "పిల్లకీ జొరం వస్తంది. మా ఇంటికి రెండు రాసుకోండి."

నా పెళ్లి సంగతేమిటని అక్కడున్నవాళ్లంతా ఆ క్షణాన అనుకునే ఉంటారు. నాకు మాత్రం నాన్న మీద ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది. అధికారి రెండు అని రాశాడు. ఆయన కలం పక్కన పెట్టబోతుంటే కింది వీధి పెద్ద గొంతు సవరించుకుని, "మా ఈది కాగితం ఓసారి ఇలాగియ్యండి బాబూ," అన్నాడు.