ఇంటర్వెల్ లేని దయ్యం

దయ్యాలతో నాకు పాత పరిచయం. గుంటూరు నుంచి వస్తున్న ఆఖరి బస్సులో ఒక ఆడదయ్యం నా పక్కన కూర్చుని కిటికీ సీటు ఇమ్మని అడిగింది. ముందు టికెట్టు చూపించమన్నాను. పాపం, సిగ్గుపడి మధ్యలోనే దిగిపోయింది. ఇది మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు నేను చెప్పిన మొదటి కథ. అది నమ్మింది. నమ్మి ఊరుకోకుండా ఇంకొకటి చెప్పమంది. ఇంక నన్ను ఆపేవాళ్ళెవరు? ఒక దయ్యం చేత వీపు గోకించుకున్నాను. ఇంకోదానికి లెక్కలు నేర్పాను. చెరువుగట్టు దయ్యమైతే నేను ఊరు విడిచి వెళ్తున్నానని తెలిసి అన్నం మానేసింది.

కథల సంగతి అది. ఇక ఇంటి సంగతి. జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో మేముండే భవనానికి కింద నేలమాళిగ ఉంది. కెల్లర్ అంటారు. మా బియ్యం బస్తాలూ ఊరగాయ సీసాలూ అక్కడే. అక్కడ లైటు వేస్తే కాసేపటికి దానంతటదే ఆరిపోతుంది. కరెంటు ఆదా అట. మనం బస్తా మూతి విప్పుతూ ఉండగా చుట్టూ చిమ్మచీకటి కమ్ముకుంటే అది ఏ రకం ఆదానో నాకు అర్థం కాదు. బియ్యం అయిపోతే మా ఆవిడే దిగి తెస్తుంది. నాన్నకి నడుంనొప్పి అని అమ్మాయికి చెప్పి ఉంచాం.

ఆ అమ్మాయికి ఈ మధ్యనే పదహారు నిండాయి. నేను తెలుగులో అడుగుతాను, అది జర్మన్‌లో జవాబు చెబుతుంది, అది కూడా ఒక్క ముక్కలో. తిన్నావా అంటే "యా". ఎక్కడికి అంటే "రౌస్", అంటే బయటికి అని. తెలుగులో అది మొదలు నుంచి చివరిదాకా వినేవి నా దయ్యాల కథలే. అవి కూడా పోతే మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి మిగిలేది వైఫై పాస్‌వర్డు ఒక్కటే.

అలాంటిది ఒక రోజు అదే నా దగ్గరికి వచ్చింది.

"నాన్నా, మ్యూనిక్‌లో ఒక కీనోలో పాత దయ్యం సినిమా వేస్తున్నారు. క్లాసిక్ అట. సండే మధ్యాహ్నం. వస్తావా?"

"నీ ఫ్రెండ్స్‌తో వెళ్ళొచ్చు కదమ్మా."

"వాళ్ళకి భయం. నీకు లేదు కదా."

వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసింది. "వెళ్ళండి. మీ చుట్టాలే కదా, పలకరించి రండి," అంది. ఆమె ముఖంలో ఉన్నది జాలి కాదు.

రానంటే పన్నెండేళ్ళ కథలు ఒక్క మాటతో కూలిపోతాయి. వెళ్ళి అక్కడ కేక పెట్టినా అంతే. అందుకని రెండు ఆశలు పెట్టుకుని రైలెక్కాను. పదహారు నిండితేగాని ఈ సినిమాకి రానివ్వరు. అమ్మాయిది పసిముఖం, కౌంటర్లో ఆపేస్తారేమోనని ఒక ఆశ. అది గుర్తింపు కార్డు తెచ్చుకుంది. కౌంటర్లో ఉన్న పెద్దావిడ కార్డుని వెనకా ముందూ తిప్పి చూసి, దానికి పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా చెప్పింది.

రెండో ఆశ ఇంటర్వెల్. సగం సినిమా ఎలాగో గడిపేసి, ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్‌కని బయటికి వచ్చి, ఆఫీసు ఫోన్ వచ్చిందని చెప్పి వరండాలోనే ఉండిపోవాలని పథకం. మేము ఇక్కడ చూసేవన్నీ తెలుగు సినిమాలే. మనవాళ్ళే హాలు అద్దెకి తీసుకుంటారు. మధ్యలో ఆపి, సమోసాలు పంచి, పార్కింగులో అడ్డంగా పెట్టిన కారు ఎవరిదో మైకులో అడిగి మళ్ళీ మొదలుపెడతారు. ఇన్నేళ్ళుగా ఈ దేశంలో సినిమా అంటే ఇదే అనుకున్నాను. జర్మన్ సినిమాకి ఇంటర్వెల్ ఉండదన్న సంగతి, మూడో వరుసలో కూర్చుని ఎంతసేపు ఎదురుచూసినా లైట్లు వెలగకపోయేసరికి తెలిసింది.

ఈలోగా నన్ను కాపాడింది నా కళ్ళజోడు. సంగీతం సన్నబడగానే జోడు తీసి చొక్కాతో తుడవడం మొదలుపెట్టేవాణ్ణి. జోడు లేకపోతే నాకు తెరంతా పొగమంచే. కళ్ళు తెరిచే ఉంటాయి, ధైర్యంగానే కనిపిస్తాను, కనిపించేది మాత్రం ఏమీ ఉండదు. అయితే చెవులకి జోడు లేదు కదా. ఎక్కడో తలుపు కిర్రుమంటుంది. ఎవరో మెట్ల మీద ఆగి ఆగి నడుస్తారు. ఆఫీసులో నట్లూ బోల్టుల గురించి ఎంత జర్మన్ కావాలన్నా మాట్లాడతాను, ఈ గుసగుసల జర్మన్ మాత్రం ఒక్క ముక్క అందలేదు. హాల్లో ఉన్న కొద్దిమందీ పరీక్ష రాస్తున్నట్టు కూర్చున్నారు. మన దగ్గరైతే దయ్యం తెర మీదికి రాగానే వెనకనుంచి ఎవడో ఒకడు "ఒసేయ్, ముందు జుట్టు దువ్వుకుని రావే" అని అరుస్తాడు. సగం భయం అక్కడే పోతుంది. ఇక్కడ పక్క వరుసలో ఒకాయన బీరు సీసా మూత తీస్తే నా ప్రాణం సీటు కిందికి దూరింది.

జోడు పెట్టుకున్న కాస్త కాస్త సమయాల్లో నేను చూసింది ఇంతే. ఒక పాత బంగళా. అందులోకి ఒక వితంతువూ చిన్న కొడుకూ కాపురానికి వస్తారు. నల్లబట్టల ముసలావిడ ఒకతె ఎప్పుడు చూసినా మెట్ల దగ్గరే నిలబడి ఉంటుంది. ఒకసారి జోడు పెట్టుకునేసరికి అందరూ భోజనం చేస్తున్నారు, పిల్లాడు బల్ల కింద కూర్చుని రొట్టె తింటున్నాడు. ఇంకోసారి బల్ల తలకిందులుగా ఉంది. ఆ మధ్యలో ఏం జరిగిందో నాకు తెలియదు. సంగీతం ఆగిపోయాక కూడా ఎవరూ లేవలేదు. దయ్యం ఇంకా ఉంది కాబోలని నేను తుడుస్తూనే ఉన్నాను. తీరా అది పేర్లు పడుతున్న సమయమట. చివరి పేరుదాకా కూర్చోవడం ఇక్కడివాళ్ళ అలవాటు.

లైట్లు వెలిగాయి. వెంటనే ఒక చెయ్యి నా భుజం మీద పడింది. నా గొంతులోంచి వచ్చినదాన్ని దగ్గుగా మార్చడానికి చాలా కష్టపడ్డాను.

"అంకుల్! మీరు గూడ వచ్చిండ్రా?"

కరీంనగర్ అమ్మాయి. మా ఇంగోల్‌స్టాట్‌లోనే మాస్టర్స్ చదువుతోంది, ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చింది. వెనక చివరి వరుసలో కూర్చుందట. నన్ను ఎంతసేపటినుంచి గమనిస్తోందో తెలియదు. తిరుగు రైల్లో మా ఎదురుగానే కూర్చుంది.

రైలు కదలగానే మా అమ్మాయి అడిగింది. "నాన్నా, చివర్లో ఆవిడ ఎందుకు నవ్వింది?"

ఏ ఆవిడ? నవ్వు ఎప్పుడు? బయట ఎండ వెలుగులో పొలాలు పచ్చగా వెళ్ళిపోతున్నాయి. వాటిని చూస్తూ గొంతు సవరించుకున్నాను.

"నవ్వక ఏం చేస్తుందమ్మా? ఆ నల్లబట్టల పెద్దమ్మ ఎవరనుకున్నావు? ఆ వితంతువుకి ఆడపడుచు. వీళ్ళ పెళ్ళికి బొట్టుపెట్టి పిలవలేదని అలిగింది. ఆ అలకలోనే పోయింది. అందుకే ఆ ఇంట్లో ఎవరు భోజనానికి కూర్చున్నా బల్ల ఎత్తేస్తుంది. చివరికి ఆ వితంతువుకి బుద్ధి వచ్చి, ఇంకో కంచం పెట్టి, కూర్చో వదినా అంది. అందుకని నవ్వింది."

కరీంనగర్ అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. "గదేంది అంకుల్? గసొంటిది ఏం లేదు గదా సినిమాల. గా నల్లబట్టలామె ఇంట్ల పనామె. దయ్యం గా పిలగాడు. నేను ఇంతకుముందు గూడ చూసిన ఈ సినిమా."

పిల్లాడా! బల్ల కింద కూర్చుని రొట్టె తింటున్న ఆ పిల్లాడా? మా అమ్మాయి ఒకసారి నా వైపు, ఒకసారి ఆమె వైపు చూసింది. "క్వాచ్" అంటుందని ఎదురుచూశాను. ఇంట్లో నేనేదైనా తెలివితక్కువగా మాట్లాడితే అది అనే మాట అదే.

"నువ్వు వెనక కూర్చున్నావక్కా," అంది. "వెనకనుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది."

"గదెట్ల?"

"పాత సినిమా కదా. ముందు వరుసలకి ఒక కథ, వెనక వరుసలకి ఒక కథ. అప్పట్లో అలాగే తీసేవాళ్ళు. అవును కదా నాన్నా?"

"అవును," అన్నాను. "రెండు కెమెరాలు పెట్టేవాళ్ళు."

"మరి మధ్యల కూసున్నోళ్ళకు?"

"మధ్యలో టికెట్లు అమ్మరు," అంది మా అమ్మాయి.

కరీంనగర్ అమ్మాయి వేళ్ళ మీద వరుసలు లెక్కపెట్టింది. "నిజమే, మధ్యల ఎవ్వలూ కూసోలే," అంది మెల్లగా. నిజానికి నాకూ అనుమానం వచ్చింది. మధ్య వరుసలు ఖాళీగానే ఉన్నాయి మరి.

మా అమ్మాయి ఇన్ని తెలుగు వాక్యాలు ఒకేసారి మాట్లాడి ఎన్నాళ్ళయిందో. అది సినిమా చూసిందా? చూస్తే ఆవిడ పనిమనిషని తెలిసి ఉండాలి. తెలిసే నన్ను అడిగిందా? లేక అది కూడా ఏమీ చూడలేదా? దాని హుడీ తాడు ఒక పక్కకి పూర్తిగా లాగేసి ఉంది. టోపీని ముఖం మీదికి బిగించుకుంటే తాడు అలాగే అవుతుంది. ఊరికే పంటితో లాగినా అలాగే అవుతుంది. ఎటూ తేలలేదు.

"అమ్మా, నువ్వు అసలు..." అన్నాను.

"నువ్వు ముందు చెప్పు నాన్నా. పెద్దమ్మ కూర్చుందా? తిందా?"

కరీంనగర్ అమ్మాయి చెవుల్లో పెట్టుకోబోతున్న ఇయర్‌ఫోన్లు మళ్ళీ సంచిలో వేసుకుని ముందుకి జరిగింది.

"ఎక్కడ తింటుంది?" అన్నాను. "ఆవిడకి ఒక చెల్లెలు ఉంది కదా. దాన్ని కూడా పిలవలేదు."

ఆ చెల్లెలు ఎవరో, అది కూడా పోయిందో బతికే ఉందో నాకేం తెలుసు. మా అమ్మాయి తల ఊపింది, తనకి తెలుసన్నట్టు.