మెట్లెక్కని చేపలు

ఆనకట్ట పక్కన, నేల కింద ఒక చిన్న గది. ఒక గోడంతా గాజు. గాజుకవతల ఆకుపచ్చటి నీళ్లు. ఆ నీళ్లలో ఎదురీదుకుంటూ వెళ్లే ప్రతి చేపకీ చేతిలోని లెక్కయంత్రం మీట ఒకసారి నొక్కడం ఆవిడ ఉద్యోగం. తొమ్మిదేళ్లుగా అదే పని. అందరూ ‘లెక్కలావిడ’ అనేవారు.

గుడ్లు పెట్టడానికి ఏటికెదురు వెళ్లే చేపలకు ఆనకట్ట అడ్డమైందని, ఒడ్డు వెంట కాంక్రీటు తొట్లు మెట్లు మెట్లుగా కట్టారు. చేప ఒక్కో తొట్టీ ఎక్కి పైకి చేరాలి. కట్టినవాళ్లు మురిసిపోయారు గానీ, చేపలకు ఆ కబురు అందినట్టు లేదు. కిందటేడు మొత్తానికి ఆవిడ మీట నొక్కింది రెండువందల పన్నెండుసార్లు. మిగతా పొద్దంతా గాజు తుడుచుకుంటూ కూర్చోవడమే.

“నదిలో చేపలే తగ్గిపోయాయమ్మా. మెట్లు బాగానే ఉన్నాయి” అన్నాడు కొత్తగా వచ్చిన ఇంజనీరు.

ఆ మాట ఆవిడకు మింగుడుపడలేదు. పెళ్లికి ముందు నాన్నతో పడవెక్కి వల లాగిన మనిషి. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని ఆనకట్ట దిగువకు వెళ్లింది. మెట్ల మొదట్లో నీళ్లు నీరసంగా జారుతున్నాయి. చేప జాడ లేదు. అవతలి ఒడ్డున, కరెంటు యంత్రాల నీళ్లు హోరుమని దూకేచోట మాత్రం ఏరు నల్లగా కుతకుతలాడుతోంది. కళ్లు చికిలించి చూసింది. అవి చేపల వీపులు! వేలకు వేలు, దారి లేని గోడకేసి ముట్టెలు కొట్టుకుంటున్నాయి.

డబ్బా మూత కూడా తీయకుండా, మోకాళ్లనొప్పులు మరిచిపోయి పరిగెత్తింది.

“సార్! చేపలు తగ్గలేదు. దారి తెలీక అటుపక్క పడిగాపులు పడుతున్నాయి. చేపకి బోర్డు చదవడం రాదు కదండీ, నీళ్ల ఉరుకు ఎటుంటే అటే పోతుంది. మెట్ల పక్క తూము తెరిపించండి. ఆ యంత్రాలు కాస్త తగ్గించండి.”

ఇంజనీరు దిగువకు వెళ్లి చూసి, మోకాళ్లదాకా తడిసి తిరిగొచ్చాడు. “ఒక్కరోజు ప్రయత్నిద్దాం. పైవాళ్లని నేను ఒప్పిస్తా.”

మర్నాడు పొద్దున్నే తూము దగ్గర్నుంచి ఫోను. అక్కడ పనిచేసేది ఆవిడ మరిదే.

“వదినా, తూము తలుపు ఎత్తేశా! చేపలు రాకపోతే నా పరువు పోతుంది.”

“నీకు పరువెప్పుడుందయ్యా? ఇంకాస్త ఎత్తు!”

గంట గడిచింది. గాజు వెనక నీళ్లే. ఇంజనీరు గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఉన్నట్టుండి వెండిలా ఒక మెరుపు! దాని వెనక రెండు, ఆ వెనక గుంపుకు గుంపు. గాజంతా రెక్కలు, తోకలు, గుండ్రటి కళ్లు. బొటనవేలు తిమ్మిరెక్కేదాకా నొక్కింది. నవ్వుతూనే ఉంది, కళ్లు మాత్రం కారుతున్నాయి.

సాయంత్రానికి పద్నాలుగువందల ఆరు! అన్నీ ఎక్కలేదు. అడుగున పాకే మీసాల చేపలు మూడో తొట్టి దగ్గరే వెనక్కి జారిపోతున్నాయని ఆవిడే చెప్పింది. ఇంజనీరు అక్కడే నేలమీద కూర్చుని, తొట్ల అడుగున గరుకు రాళ్లు పరిచే నమూనా గీయడం మొదలుపెట్టాడు.

ఇంతలో మరిది ఆయాసపడుతూ దూసుకొచ్చి, గాజుకు ముక్కు ఆనించి నోరెళ్లబెట్టాడు.

“పక్కకి జరగవయ్యా బాబూ! నువ్వడ్డొస్తే నా లెక్క తప్పుతుంది!”